గొల్లపల్లి పిల్లలకు ఏ శక్తులిద్దాం?

తెలుగు పిల్లల కథల్లో శక్తులకు ఏనాడూ కరువు లేదు. మంత్రదండం తాకితే రాయి మనిషవుతుంది. పాదాలకు పసరు రాసుకుంటే హిమాలయం పక్కూరవుతుంది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో భద్రంగా ఉంటుంది. కరువంతా ఒక్క ప్రశ్నకే వచ్చింది: ‘అదెలా?’ ఈ ప్రశ్న అడగని పిల్లలు లేరు. దాన్ని పట్టుకుని ఒక నవల పొడవునా నడిపించిన తెలుగు పిల్లల రచనలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే.

వింత శక్తులున్న నలుగురైదుగురు స్నేహితులు, వాళ్ల మీదికి వచ్చిపడే ఆపద, ఆ శక్తుల వెనక ఎంతో కొంత సైన్సు. లోకమంతటా పిల్లలు ఎగబడి చదివే కథల చట్రం ఇది. ఇలాంటి నవలలు తెలుగులో రావాలి. అవి హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనే పుట్టనక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ అడవుల్లో ఉన్న గొల్లపల్లి లాంటి ఊళ్లో మొదలైతే ఇంకా బాగుంటుంది. అడవి మీద మోజుతో అంటున్న మాట కాదిది. అలాంటి కథకు కావలసిన సరుకు, సైన్సుతో సహా, ఆ చుట్టుపక్కలే పుష్కలంగా ఉంది.

ముందు తెలుగువాళ్ల ఇంటి లెక్క చూడాలి. చందమామ 1947 జులైలో మొదలైంది. 1954లో దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ ధారావాహిక అందుకున్నారు. పేరులో ఖగోళం ఉన్నా కథను నడిపేది ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల పగ. ఆ తర్వాత కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, మాయాసరోవరం వరసకట్టాయి. వాటికి ‘చిత్ర’ వేసిన బొమ్మలు చూసి భయపడని పిల్లలు, ఆ భయం కోసమే పై నెల సంచికకు ఎదురుచూడని పిల్లలు ఆ తరంలో అరుదు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. స్నేహితులు జంటగా సాహసానికి బయలుదేరడం తెలుగు పిల్లలకు అలవాటు చేసింది దాసరే. గమనిస్తే ఇంకో మంచి పని కూడా చేశారు: మంత్రం మాంత్రికుడికి వదిలేసి, నాయకులకు ధైర్యాన్నీ యుక్తినీ ఇచ్చారు. అయితే ఆ లోకంలో మంత్రానికి కారణం అడగకూడదు. అడిగితే కథ ఆగిపోతుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కలకత్తాలో ఇంకోటి జరిగింది. తాత ఉపేంద్రకిశోర్ 1913లో పెట్టి, మధ్యలో ఆగిపోయిన పిల్లల పత్రిక ‘సందేశ్’ను సత్యజిత్ రాయ్ 1961లో మళ్లీ బతికించారు. అందులోనే ప్రొఫెసర్ శోంకు అనే శాస్త్రవేత్త కథలు మొదలుపెట్టారు. పత్రిక సంపాదకుడే కలం పట్టి పిల్లలకు సైన్స్ ఫిక్షన్ రాశాడన్నమాట. మరాఠీలో ఆ పని ఒక పోటీ చేసింది. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు కథల పోటీకి జయంత్ నార్లీకర్ మారుపేరుతో ఒక కథ పంపి బహుమతి గెలిచారు. అప్పటికే ఆయన పేరు మోసిన ఖగోళ శాస్త్రవేత్త. ఆ తర్వాత మరాఠీలో సైన్స్ కథ రాయడం పెద్దమనుషుల పనే అని అందరికీ నమ్మకం కుదిరింది.

తెలుగులో సైన్సు చెప్పేవాళ్లు లేకనా? నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాస్తే పాఠకులు నవలల్లా చదివారు. మహీధర నళినీమోహన్ క్యాలెండర్ గురించీ పిడుగు గురించీ కథలు చెప్పినట్టు చెప్పారు. అణుశాస్త్రవేత్త కొడవటిగంటి రోహిణీప్రసాద్ పరిణామ సిద్ధాంతాన్ని తేట తెలుగులోకి తెచ్చారు. పెద్దల సైన్స్ ఫిక్షన్‌కూ లోటు లేదు. యండమూరి వీరేంద్రనాథ్ ‘యుగాంతం’, ‘చీకట్లో సూర్యుడు’ వేల ఇళ్లకు చేరాయి. కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ పాఠాలు చెప్పిన వేమూరి వేంకటేశ్వరరావు, ఆ తర్వాతి తరంలో అనిల్ ఎస్. రాయల్ గట్టి కథలు రాశారు. సైన్సు తెలిసినవాళ్లు పెద్దలకు రాశారు, పిల్లలకు రాసేవాళ్లు మాయల్నీ నీతినీ నమ్ముకున్నారు. ఈ ఇద్దరూ ఒక పుస్తకంలో కలుసుకోవడమే అరుదైపోయింది.

సినిమా కూడా గడప దాకా వచ్చి ఆగింది. 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’లో వజ్రం దొంగతనాన్ని కళ్లారా చూసేది ఒక పిల్లాడు. ఆ కిషోర్ పాత్రలో తరుణ్ నటన ఈనాటికీ చాలామందికి గుర్తే. టైమ్ మెషిన్ ఎక్కి 1526 నాటి విజయనగరానికీ, 2504 నాటి భవిష్యత్తుకూ వెళ్లేది మాత్రం పెద్దవాళ్లు. ముప్పై మూడేళ్ల తర్వాత, 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ పల్లెటూరి కుర్రాడికి మహాశక్తినిచ్చింది. ఆ శక్తి వచ్చింది దైవమణి నుంచి. పిల్లలు ఈలలు వేసి చూశారు, తప్పులేదు. కానీ మణి దొరికినవాడే వీరుడైతే, దొరకని పిల్లలకు మిగిలేది చప్పట్లు కొట్టడమే.

సైన్స్ ఫిక్షన్ ఈ లెక్కను మార్చేస్తుంది. అందులో శక్తికి ఒక కారణం ఉండాలి, ఒక హద్దు ఉండాలి, ఒక ఖరీదు ఉండాలి. అమెరికన్ రచయిత్రి మెడెలీన్ లెంగిల్ రాసిన ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ను ఇరవై ఆరు సార్లు ప్రచురణకర్తలు తిప్పికొట్టారు. చివరికి 1962లో అచ్చయి, మరుసటి ఏడాది పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ పతకం గెలిచింది. అందులో మెగ్ అనే పిల్లకు అండగా నిలిచేవి ఆమె మొండితనం, కోపం. అంటే బడిలో టీచర్లు తప్పుపట్టిన గుణాలే. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి ‘ఎక్స్‌మెన్’ కామిక్స్ తెచ్చారు. ఐదుగురు కుర్ర విద్యార్థులు, పుట్టుకతో వచ్చిన జన్యు మార్పు వల్ల తలా ఒక శక్తి, ఆ శక్తి వల్లే లోకం దృష్టిలో వెలి. ఆ ఐదుగురి కథ అరవై ఏళ్లుగా ఇంకా నడుస్తూనే ఉంది.

ఎక్స్‌మెన్ రావడానికి తొమ్మిదేళ్ల ముందే అలాంటి జన్యువు ఒకటి నిజంగా బయటపడింది. 1954లో ఆంథొనీ ఆలిసన్ అనే వైద్య పరిశోధకుడు తూర్పు ఆఫ్రికాలో రక్త పరీక్షలు చేసి ఒక సంగతి తేల్చాడు. సికిల్ సెల్ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కరి దగ్గరి నుంచే వస్తే, ఆ బిడ్డకు ప్రాణాంతక మలేరియా నుంచి చాలావరకు రక్షణ దొరుకుతుంది. ఇద్దరి నుంచీ వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోతాయి. నొప్పులు, రక్తహీనత జీవితాంతం వెంటాడతాయి. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మలేరియా తరతరాలుగా పీడించిన మధ్యభారత ఆదివాసీ ప్రాంతాల్లో ఈ జన్యువు ఎక్కువ. బస్తర్ ఆ ప్రాంతాల్లో ఒకటి. 2047 నాటికి ఈ జబ్బును లేకుండా చేస్తామంటూ కేంద్రం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం.

కారణం, హద్దు, ఖరీదు మూడూ ఉన్న శక్తి ఇది. న్యూయార్క్ కామిక్స్ రచయితలు ఊహించి రాసుకున్నది బస్తర్ పిల్లల రక్తంలో ఉంది. ఒకే ఇంట్లో అన్నకు కవచం, చెల్లికి జబ్బు. ఇంతకన్నా పదునైన కథాబీజం ఏ రచయితకు కావాలి? పైగా ఇలాంటి నవల చదివిన పిల్లలు రక్త పరీక్షకు చేయి చాపడానికి జంకరు. జబ్బున్న స్నేహితుణ్ని చూసి ‘శాపం’ అని గుసగుసలాడరు.

గొల్లపల్లి సుక్మా జిల్లా కుంట ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉంది. కిష్టారం, మరాయిగూడెం పేర్లతో పాటు ఈ పేరూ తెలుగు పత్రికల్లో కనిపించేది ఎక్కువగా ఎదురుకాల్పులు, మందుపాతరలు, బలగాల క్యాంపుల వార్తల్లోనే. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. బడి భవనాల్లో బలగాలు దిగాయి, మావోయిస్టులు బడులను పేల్చారు. వేలమంది సరిహద్దు దాటి భద్రాచలం, చింతూరు, ములుగు వైపు అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. తెలుగువాళ్లు గొత్తికోయలని పిలిచేది వాళ్లనే. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి పోరుకు దించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న చెప్పింది. మూతపడిన బడుల్లో 260 బడులను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022 జూన్‌లో తిరిగి తెరిచింది. అందులో 97 సుక్మా జిల్లావే.

తలుపు తెరుచుకున్న ఆ బడిలో పలక, పాఠ్యపుస్తకం ఉంటాయి. పాఠం కాని పుస్తకం ఏముంటుంది? ఈ పిల్లల ఊళ్లు కథలో ఎప్పుడు కనిపిస్తాయి?

వాటిని చూపించాలనుకునే రచయితకు ఆ నేల బోలెడంత అందిస్తుంది. జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయ జాతీయ ఉద్యానంలో కుటుమ్‌సర్ గుహ ఉంది. లోపల వెలుగు చొరబడని నీళ్లలో కళ్లు కుంచించుకుపోయి, ఒంటి రంగు పోయిన చేపలు బతుకుతున్నాయి. అవసరం లేని అవయవాన్ని పరిణామం ఎలా వదిలించుకుంటుందో చూపించే ప్రయోగశాల అది. అలాంటి చీకట్లోకి దిగే పిల్లల గుంపులో ఒకడు నాలుక చప్పుడు చేసి, ప్రతిధ్వని విని దారి పోల్చుకుంటాడని రాస్తే గాలిమాట అనడానికి వీల్లేదు. గబ్బిలాలు ఈ పని చేస్తాయని డొనాల్డ్ గ్రిఫిన్ నిరూపించి ఎనభై ఏళ్లు దాటింది. పసితనంలోనే రెండు కళ్లూ పోగొట్టుకున్న అమెరికన్ డేనియల్ కిష్ ఇదే పద్ధతిలో సైకిల్ తొక్కుతాడు. ఇలా ప్రతిధ్వనితో దారి పోల్చుకునే అంధుల మెదడులో, మామూలుగా చూపుకు పనిచేసే భాగమే ఆ చప్పుళ్లకు స్పందిస్తోందని 2011లో కెనడా పరిశోధకులు చూపించారు. మరి ఆ శక్తికి హద్దు? హోరుగాలి వీస్తే, జలపాతం పక్కన నిలబడితే ఆ పిల్లాడికి ఏమీ ‘కనపడదు’. కథలో ఉత్కంఠ పుట్టేది ఆ హద్దు దగ్గరే.

తెలియక రాస్తే కథ ఎక్కడ చెడుతుందో చెప్పడానికి బైలదిల్లా కొండలే చాలు. అక్కడి ఇనుప ఖనిజం కిరండోల్ నుంచి రైలెక్కి విశాఖపట్నం రేవుకు వస్తుందన్నది తెలుగువాళ్లకు తెలిసిన సంగతే. ఇనుప కొండ కదా అని, అక్కడ అడుగుపెట్టగానే ఒక పిల్లకు అయస్కాంత శక్తి వచ్చేసిందని రాయబుద్ధేస్తుంది. కానీ బైలదిల్లా ఖనిజం ప్రధానంగా హెమటైట్. దానికి అయస్కాంత గుణం చాలా తక్కువ. అయస్కాంతం బలంగా లాగేది మాగ్నటైట్‌ను. ఇది తెలిసిన రచయిత కథను ఇంకో మలుపు తిప్పుతాడు: దిక్సూచి ముల్లు ఎందుకు పక్కకు తిరగడం లేదని ఆ పిల్లే అడుగుతుంది. ఆ అనుమానంతోనే కథ ముందుకు పోతుంది.

ఎర్రచీమల సంగతి సరేసరి. బస్తర్ సంతల్లో చీమల పచ్చడికి గిరాకీ ఉంటుంది. ఆ చీమలు చెట్టు మీద గూడు కట్టే తీరు చూడాలి. ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడి దూరంగా ఉన్న ఆకుల్ని దగ్గరకు లాగుతాయి. ఇంకొన్ని తమ పిల్ల పురుగుల్ని నోట కరుచుకుని, అవి వదిలే పట్టుదారంతో ఆకుల్ని కుడతాయి. ఏ ఒక్క చీమకూ ఇల్లు కట్టే శక్తి లేదు, గుంపుకు ఉంది. స్నేహితుల నవలకు వెన్నెముకగా నిలబడాల్సిన ఆలోచన ఇదే. ఒకడే వీరుడు, మిగతావాళ్లు వంతపాట అన్న పద్ధతిని పిల్లల కథల నుంచి సాగనంపవచ్చు.

అడవి పిల్లల శక్తులు ఒంట్లోనే ఉండాలనేమీ లేదు. ఈ సరిహద్దులో ఇంట్లో దొర్లి లేదా కోయ, సంతలో తెలుగు, బడిలో హిందీ వింటూ పెరగడం మామూలు. ముగ్గురు పెద్దవాళ్లు ఒకరి మాట ఒకరికి అర్థంకాక తగాదాకు దిగినచోట నెగ్గుకొచ్చేది అలాంటి పిల్లే. జ్ఞాపకశక్తి మాటకొస్తే, కోయల వంశగాథలను డోలు కొట్టి పాడే కళకు 2022లో పద్మశ్రీ వచ్చింది. దాన్ని అందుకున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కళాకారుడు సకిని రామచంద్రయ్య పాడిన గాథలన్నీ చూసి చదివినవి కావు, గుండెలో మోసుకొచ్చినవి. తాత దగ్గర అలాంటి పాట నేర్చిన మనవడు, ఎప్పుడో తరాల కిందటి కరువునో వరదనో ఆ పాటలోంచి లెక్కగట్టి చెబితే, అది మాయ కాదు, శాస్త్రమే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఆదివాసీ పిల్లాణ్ని పులితో మాట్లాడేవాడిగా, ఆకు నలిపి ప్రాణం పోసేవాడిగా చూపించి, కథ మాత్రం సెలవులకు వచ్చిన పట్నం పిల్లల చుట్టూ తిప్పడం మన సినిమాలకూ నవలలకూ పాత అలవాటు. అది మెచ్చుకోలు ముసుగులో చిన్నచూపు. గొల్లపల్లి నుంచి వచ్చే నవలలో అనుమానించేదీ, పరీక్షించేదీ, తప్పు చేసేదీ, సరిదిద్దుకునేదీ అక్కడి పిల్లలే కావాలి. తుపాకుల మధ్య పెరిగారు కాబట్టి వాళ్ల కథంతా ఏడుపే కానక్కర్లేదు. తునికాకు కట్టలు లెక్కపెట్టే పిల్ల నవ్వొచ్చే మాట కూడా అంటుంది.

‘ఫోన్ వదలని పిల్లలు నవల చదువుతారా?’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. అదే ఫోన్లో జపాన్ కార్టూన్ల వందల భాగాలను పిల్లలు వరసతప్పకుండా చూస్తున్నారు. పొడుగు కథంటే వాళ్లకు భయం లేదన్నమాట. దినపత్రికల పిల్లల పేజీల్లో ఒక కథకు దొరికేది మాత్రం అరపేజీ. అందులో ఒక కుందేలు, ఒక నక్క, కింద ఒక నీతి పట్టేసరికే చోటు అయిపోతుంది. ధారావాహిక ఇచ్చిన రుచి ఎలాంటిదో చందమామ పాఠకులకు తెలుసు. ఆ పత్రిక ఆగిపోయాక ఆ చోటు ఖాళీగానే ఉంది.

‘మాయల కథలు మానేయమంటారా?’ అన్నది ఇంకో ప్రశ్న. అక్కర్లేదు. మాయలు ఊహకు రెక్కలిస్తాయి. పన్నెండేళ్ల వయసులో మాత్రం ఆ రెక్క ఎలా పనిచేస్తుందన్న కుతూహలం పుడుతుంది. ఆ వయసుకు తగిన తెలుగు పుస్తకం అందకపోతే పిల్లలు ఇంగ్లీషుకు మళ్లుతారు. ఇంగ్లీషు రానివాళ్లు చదవడమే మానేస్తారు. గొల్లపల్లి పిల్లలు రెండో జాబితాలో ఉన్నారు.

పని చేయగలిగినవాళ్లు లేకపోలేదు. మంచి పుస్తకం సంస్థ ఏళ్ల తరబడి చౌక ధరకు పిల్లల పుస్తకాలు వేస్తోంది; తానాతో కలిసి పిల్లల నవలల పోటీలు పెట్టింది. అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రకృతి బడి నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పిల్లలు రాసిన కథలను అచ్చువేసింది. కేంద్ర సాహిత్య అకాడమీ 2024 బాలసాహిత్య పురస్కారం పి. చంద్రశేఖర్ ఆజాద్ నవల ‘మాయాలోకం’కు వచ్చింది. పిల్లల నవలకు తెలుగులో గౌరవం ఉందనడానికి అది గుర్తు. ఇక భాష సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టింది. అంటే కోయ మాటలను తెలుగు లిపిలో అచ్చువేసిన అనుభవం మనకు ఉంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ కోయ లేదా దొర్లిగా నవల వేయడం సాధ్యమే. సరిహద్దుకు ఇటున్న గొత్తికోయ పిల్లలకూ అటున్న గొల్లపల్లి పిల్లలకూ అదే పుస్తకం పనికొస్తుంది.

కాబట్టి పోటీలు పెట్టే సంస్థలు వచ్చే విడతలో ఒక బహుమతిని పిల్లల సైన్స్ ఫిక్షన్ నవలకు విడిగా ఉంచాలి. నిబంధనలు మూడు చాలు: శక్తికి కారణం చెప్పాలి, దానికి హద్దు పెట్టాలి, గెలుపు ఒక్కడిది కాకూడదు. రాతప్రతిని న్యాయనిర్ణేతలతో పాటు ఒక సైన్స్ టీచరూ, ఏజెన్సీ ప్రాంతంలో పనిచేసే ఒక ఉపాధ్యాయుడూ చదవాలి. దినపత్రికలు ఆదివారం ఒక్క పేజీని ధారావాహికకు వదలాలి. రెండు తెలుగు రాష్ట్రాల గిరిజన సంక్షేమ శాఖలు ఆ పుస్తకాన్ని కొని ఆశ్రమ పాఠశాలలకు పంచాలి, ఛత్తీస్‌గఢ్‌కు కొన్ని వేల ప్రతులు పంపాలి. పెద్ద బడ్జెట్ అడిగే పనులు కావివి. రాయగలిగినవాళ్లు ఈ వేసవిలోనే మొదటి అధ్యాయం మొదలుపెట్టాలి.